తేనెబండలో చెట్లకు నంబర్లు

అడవికి బయల్దేరిన కారులో, డ్రైవరు ముందున్న అద్దానికి అడవి వాసన డబ్బా ఒకటి వేలాడుతోంది. డబ్బా మీద మంచుకొండల్లో పెరిగే చెట్టు బొమ్మ. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడెవడూ ఆ చెట్టును చూసుండడు. ఈ యాత్రంతా ఇట్లాగే ఉండబోతోందని నాకు అప్పుడే అర్థం కావాల్సింది. కానీ అప్పటికి నేను ఇడ్లీ తినలేదు. ఖాళీ కడుపుకు శకునాలు అందవు.

తిరుచానూరు: ఇడ్లీ, వడ, పాపపరిహారం

నా వృత్తి ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం. ఎంఏ ఇంగ్లీషు చదివాను. ఆ చదువుతో, తిరుచానూరు అమ్మవారి గుడి చుట్టూ ఉన్న లాడ్జీల దగ్గర, బయటి రాష్ట్రాల భక్తులకు ఆటోవాడి రేటును ఇంగ్లీషులోకి, వాళ్ళ తిట్లను తెలుగులోకి మారుస్తూ బతుకుతున్నాను. తిట్లను పలచన చేయను. అన్నది అన్నట్టు చెప్పడం వృత్తిధర్మం. దానివల్ల రెండు వైపుల నుంచీ దెబ్బలు తినే యోగం ఉంది, అయినా సరే.

ప్రవీణ్ నన్ను పట్టుకున్నది అక్కడే. బెంగళూరులో ఏదో కార్బన్ కంపెనీలో కోఆర్డినేటరు. సొంతూరు నెల్లూరు పక్క, తెలుగు బ్రహ్మాండంగా వచ్చు. మరి నేనెందుకు?

"రూల్ బ్రో. ఆడిటర్ మేడం వస్తోంది. మా కంపెనీ మనిషి అనువాదం చేస్తే చెల్లదు. ప్రాజెక్టుతో ఏ సంబంధమూ లేని మనిషి కావాలి."

దేనితోనూ సంబంధం లేకపోవడంలో మా ఇంట్లో నాకు ఎప్పట్నుంచో పేరుంది. ఒప్పుకున్నాను.

ఆడిటర్ మేడం పేరు లీనా. పూణే మనిషి. యాభై దాటి ఉంటుంది, కత్తిరించిన నెరిసిన జుట్టు, గుడ్డ సంచి, ఎండకు పాతబడిన బూట్లు. ఇడ్లీ హోటల్లో మాతోబాటే నిలబడి తినింది. ప్లేటు నలభై రూపాయలు, చట్నీ అడిగినంత, మర్యాద అడిగినా లేదు.

తింటూ ప్రవీణ్ నాకు విషయం వివరించాడు. ఎక్కడో ఒక పెద్ద కంపెనీ విమానాలు, ఫ్యాక్టరీలు నడిపి ఆకాశంలోకి పొగ వదుల్తుంది. ఆ తప్పుకు పరిహారంగా, ఇంకెక్కడో అడవిని నరక్కుండా నిలబెట్టడానికి డబ్బు కడుతుంది. ఆ డబ్బులో కొంత అడవిని కాసే గిరిజనులకు పోతుంది. పొగకు ఇది చెల్లు.

"అంటే హుండీ" అన్నాను.

"అట్ల అనొద్దు బ్రో."

తిరుపతివాడికి ఇంతకంటే వివరించాల్సిన పనేముంది? అయితే ఈ హుండీకి ఒక షరతుంది, అది మేడం చెప్పింది. డబ్బు రాకపోయుంటే ఆ చెట్లు పోయుండేవని రుజువు కావాలి. ఎట్లాగూ నిలబడే చెట్టుకు డబ్బు రాదు. ఆ రుజువు చూడ్డానికే ఆమె వచ్చింది. అంటే తరగతిలో బుద్ధిగా కూర్చున్నవాడికి ఏమీ లేదు. కిటికీ అద్దం ముందు రాయి పట్టుకొని నిలబడ్డవాడికి మాత్రం, విసరనందుకు బహుమతి.

ప్రవీణ్ చేతిలో ప్రాజెక్టు పుస్తకం రంగురంగులుగా ఉంది. అట్ట మీద వర్షారణ్యం, పొగమంచు, ఎర్రముక్కు, పసుపు రెక్కల పెద్ద చిలక ఒకటి.

"ఇది మన జిల్లానా?" అని అడిగాను.

"డిజైనర్ పెట్టినాడులే."

మా జిల్లాలో వాన పడితేనే పేపర్లో వేస్తారు. వర్షారణ్యం ఉంటే టికెట్టు పెట్టుండేవాళ్ళు.

ఐరాల దారి: వేపచెట్టు బేరం

చంద్రగిరి దాటి పాకాల మీదుగా పోయాం. తోతాపురి మామిడి సీజను చివర. రసం ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ధర పడిపోయిందని కొందరు కాయల్ని రోడ్డు పక్కనే పారబోసి వెళ్ళిపోయారు. కుళ్ళిన తీపి వాసన కారు అద్దాలు మూసినా ఆగలేదు. అడవి వాసన డబ్బా కాసేపు పోరాడి ఓడిపోయింది.

ఐరాలలో టీకి ఆగాం. టీ కొట్టాయన మేము తేనెబండకు పోతున్నామని వినగానే గ్లాసు కడగడం ఆపేశాడు.

"ఆ యానాదోళ్ళకు గాలి అమ్మినందుకు దుడ్లొస్తా ఉండాయంట నిజమేనా? మా చెరుకుతోటలో గాలి ల్యాదా అప్పా?"

మేడానికి చెప్పాను. ఆమె నవ్వింది. ఆయన ఊరుకోలేదు, కొట్టు వెనకాల నీడనిస్తున్న వేపచెట్టును చూపించాడు.

"ఇదెంతకు కొంటాదో అడుగు ఆయమ్మను."

"కొనరు సామీ. డబ్బు రాకపోతే నువ్వు దాన్ని కొట్టేస్తావా అని అడుగుతారు" అన్నాను.

"కొట్టనే! మా తాత నాటినాడు దీన్ని."

"అయితే రూపాయి రాదు."

ఆయన చెట్టును చూశాడు, మమ్మల్ని చూశాడు. "సరే, రేపు కొడతానని రాసుకో. ఎల్లుండి దుడ్లు తీసుకొని రమ్మను."

ప్రవీణ్ నవ్వలేదు. అంత మంచి జోకుకు నవ్వని మనిషిని చూస్తే నాకు భయం.

తేనెబండ: నీలం ట్యాంకు

కొండ అంచున నల్లటి పెద్ద బండ, దాని కడుపు కింద తేనెపట్లు. ఊరి పేరు అందుకే. కింద యానాదుల కాలనీ. సిమెంటు రేకుల ఇళ్ళు, మధ్యలో కంపెనీ పెట్టించిన నీలం నీళ్ళ ట్యాంకు, దాని మీద ఆకు గుర్తు. పైన కొండవాలు మీద, ఆ ఎండలో కూడా పచ్చగా, ఒక ముద్దలా, పెద్దచెట్ల గుంపు. మద్దులు, నేరేళ్ళు. చుట్టూ ఉన్న కొండంతా కంపలూ రాళ్ళూ. ఆ ఒక్క చోటే చెట్లు మనుషులు గుమిగూడినట్టు దగ్గరగా నిలబడి ఉన్నాయి. దాని చుట్టూ రాళ్ళకు తెల్లసున్నం గుర్తులు. ప్రాజెక్టు అంటే అదే. ఆ కొండవాలు మీద హక్కు పట్టా కాలనీవాళ్ళదే. కంపెనీతో ఒప్పందం రాసిందీ వాళ్ళే, వేలిముద్రలతో.

మాకు ఎదురొచ్చింది చెంచయ్య. నలభై ఏళ్ళుంటాయి. ఖాకీ చొక్కా మీద కంపెనీ ఆకు గుర్తు. తోపుకు కాపలాదారు. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. మేడం వాటినే చూస్తోందని గమనించి తానే చెప్పాడు.

"ఇటుకల బట్టీ, మేడం. అరవదేశం పక్క. అడ్వాన్సు తీసుకొని, పెండ్లాం బిడ్డలతో పోయినాం. ఆ అడ్వాన్సు ఎంత చేసినా తీర్ల్యా. ఈ కాపలా జీతం వచ్చినాంకనే ఇంటికొచ్చినాం. నా బిడ్డ బట్టీలో పుట్టినాది. ఈడికొచ్చి నడిచినాది."

కాలనీలో సగం ఇళ్ళది ఇదే కథ. జీతం పెద్దదేం కాదు. కానీ బట్టీ మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఊపినప్పుడు, వద్దు పో అనడానికి సరిపోయేంత.

ఇవన్నీ మేడం శ్రద్ధగా రాసుకుంది. ప్రవీణ్ ముఖం వెలిగింది. అప్పుడే డ్రోను ఎగరేయాలనే దుర్బుద్ధి అతనికి పుట్టింది.

అత్త నెత్తిన డ్రోను

తోపును పైనుంచి చూపిస్తానని ఎగరేశాడు. అది బాగానే లేచింది, రెండు చుట్లు తిరిగింది, ఒక గద్దను చూసి బెదిరింది, సరాసరి పోయి పెద్ద నేరేడుచెట్టు కొసన ఇరుక్కుంది. అక్కడ్నుంచి కందిరీగలా గొణుగుతా ఉండింది.

"చెంచయ్యా, ఎక్కి తీసుకురా" అన్నాడు ప్రవీణ్.

చెంచయ్య కదల్లేదు. తేనె కోసం నున్నటి బండ మీద తాడు పట్టుకొని దిగే మనిషి, నేరేడుచెట్టు ఎక్కనంటాడు.

"ఎందుకని?" మేడం అడిగింది.

"అది మా అత్త మేడం. అత్త నెత్తిన కాలెట్ల పెట్టేది?"

నేను అన్నది అన్నట్టే చెప్పాను. ఇంగ్లీషులో అది ఇంకా విచిత్రంగా వినిపించింది. మేడం పెన్ను ఆపి తలెత్తింది. ప్రవీణ్ గబగబా, "సెంటిమెంటు మేడం, చెట్లను చుట్టాల్లా చూస్తారు, ప్రకృతితో అనుబంధం" అని ఇంగ్లీషులోనే సర్దేశాడు. నిజానికి బ్రోషరుకు పనికొచ్చే మాట. మేడం రాసుకుంది కూడా. కర్రలతో, రాళ్ళతో డ్రోనును దించే ప్రయత్నంలో ప్రవీణ్ సాయంత్రం దాకా ఉండిపోయాడు. తేనెటీగలు కూడా తమ వంతు సాయం చేశాయి. అతని కుడి చెవి బోండా సైజుకు వచ్చింది.

పోలమ్మ ఇంటి ముందు సంగటి

ఆ గొడవలో మేడం నీళ్ళ ట్యాంకు చూడ్డానికి పోతే, నన్ను చెంచయ్య తల్లి పిలిచి కూర్చోబెట్టింది. పేరు పోలమ్మ. ఎండిన చింతకాయలా ఉంటుంది మనిషి. మాట్లాడితే ప్రతి రెండు మాటలకూ ఊపిరి కోసం ఆగుతుంది. రాగిసంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి, పులగూర పెట్టింది. మా ఇంట్లో ఊరుబిండిని మిక్సీలో వేసి పేస్టు చేస్తారు. ఈమె రోట్లో కచ్చాపచ్చాగా నూరింది. ఆ ఒక్క విషయంలో మా వంశం తప్పు దారిలో పోయిందని ఒప్పుకుంటున్నాను.

"ఏ ఊరబ్బోడివి?"

"తిరుపతి అవ్వా."

"దేవుడి పక్కనే ఉండావే. ఇంత సన్నంగా ఉండావేమి మరి?"

ఆమె కళ్ళు తోపు మీదే ఉన్నాయి. అడిగాను, అత్త చెట్టు సంగతేమని.

వాళ్ళ ఆచారం ఇది. మనిషి పోతే ఆ తోపులోనే పూడుస్తారు. సమాధి కట్టరు, పేరు రాయరు. ఆ గుంతకు దగ్గరగా ఉన్న చెట్టు ఆ రోజు నుంచి ఆ మనిషి అవుతుంది. దాని కొమ్మ విరవరు, మీద ఎక్కరు, దాని కాయలు రాలితే ఏరుకుంటారు, కోయరు. తేనె తీసినప్పుడు మొదటి చుక్క దాని మొదట్లో వేస్తారు. మా ఇంట్లో తాతకు హాల్లో ఫొటో ఉంది, ప్లాస్టిక్ దండ, చుట్టూ రంగుల సీరియల్ బల్బులు. కరెంటు పోతే తాత కూడా పోతాడు.

"మా ఇంటాయన మద్దిచెట్టు కాడ ఉండాడు" అంది పోలమ్మ. భర్త పేరు పలకలేదు. "పక్కన నాకు సోటుండాది. ఉండె."

"ఇప్పుడు లేదా?"

అప్పుడు చెప్పింది. కంపెనీవాళ్ళు మొదట వచ్చినప్పుడు అడిగారట, మీరు ఒక్క కొమ్మ కూడా కొట్టకుండా కాపాడుకున్న అడవి ఎక్కడుందో చూపించండి అని.

"అట్లాంటి సోటు మాకు ఒగటే గదా అబ్బోడా. గర్వంగా తీస్కపోయి సూపిస్తిమి."

"అక్కడ మీ పెద్దవాళ్ళు ఉన్నారని చెప్పలేదా?"

"వాళ్ళు అడగల్యా. సెట్లడిగినారు, సెట్లు సూపించినాం."

చెట్లను కొలిచారు. ప్రతి చెట్టుకూ అల్యూమినియం బిళ్ళ కొట్టారు, దాని మీద నంబరు. పోలమ్మ భర్త బతికున్నంత కాలం ఆధార్ కార్డు కోసం తిరిగి తిరిగి చచ్చిపోయాడు. చచ్చాక నంబరొచ్చింది. తర్వాత సున్నం గీతలు వేసి, ఈ గీతల లోపల నేల తవ్వకూడదన్నారు. మట్టిలో కూడా కార్బన్ ఉంటుందట. వీళ్ళు సరేనన్నారు. ఆ రోజు ఎవరూ చచ్చిపోలేదు కాబట్టి ఎవరికీ తట్టలేదు.

పోయిన వానాకాలంలో చెంచయ్య భార్య పోయింది. గీతల లోపల తవ్వితే ఒప్పందం పోతుందన్నారు. రోడ్డు పక్కన ఖాళీ జాగాలో పూడ్చారు. కొన్నాళ్ళకు ఎవరో గ్రావెల్ కోసం జేసీబీ తెచ్చి ఆ జాగాను తోడేశారు. ఆ మట్టి ఏ లేఅవుట్లో పోశారో కూడా తెలియదు.

"మా కోడలు ఎవురింటి కింద ఉండాదో" అంది పోలమ్మ. ఏడవలేదు. ఊపిరి తీసుకుంది. "నన్నట్ల సెయ్యద్దని సెప్పు ఆ అమ్మణ్ణికి. నేనింగ ఎక్కువ దినాలుండను. ఆయప్ప పక్కన పెట్టమను."

నాకు ఒక జోకు తట్టాలి ఇలాంటప్పుడు. తట్టలేదు. సంగటి ముద్ద గొంతులో అడ్డం పడింది, అది నా అదృష్టం. నీళ్ళు తాగే నెపం దొరికింది.

వెళ్ళేటప్పుడు చెంచయ్య నా వెంట కారుదాకా వచ్చాడు.

"అమ్మ మాటలు మేడానికి చెప్పద్దబ్బా. శ్మశానమని తెలిస్తే మేం ఎట్లాగూ కొట్టమని తెలిసిపోతాది. దుడ్లు ఆగిపోతే మళ్ళా బట్టీనే."

"నన్ను అడిగింది చెప్తాను చెంచయ్యా. అడగంది చెప్పను."

ఎంత చక్కటి వాక్యమో చూడండి. ఆ మాటనుకుంటూ కాణిపాకం లాడ్జిలో హాయిగా నిద్రపోవచ్చు అనుకున్నాను. దోమలు ఒప్పుకోలేదు.

మద్దిచెట్టు కింద ప్రశ్న

మర్నాడు పొద్దున కాలనీ మొత్తాన్ని తోపు అంచున కూర్చోబెట్టారు. మేము రాకముందే ప్రవీణ్ వాళ్ళకు పాఠం చెప్పించినట్టున్నాడు. అందరూ పరీక్ష రోజు పిల్లల్లా నూనె రాసుకొని, దువ్వుకొని, నేర్చిన జవాబు నోట్లో పెట్టుకొని కూర్చున్నారు. ప్రవీణ్ చెవి ఇంకా దిగలేదు. అందుకే ఎవరూ అతని వైపు సూటిగా చూడలేదు, నవ్వొస్తుందని.

పోలమ్మ రాలేదు. జ్వరమన్నారు. ఆమెను రానివ్వలేదని చెంచయ్య ముఖం చెప్పింది.

మేడం చాలా అడిగింది. నీళ్ళు వస్తున్నాయా, జీతాలు ఎవరి చేతికి వస్తున్నాయి, ఆడవాళ్ళను అడిగే ఒప్పుకున్నారా. అన్నీ చెప్పారు, అన్నీ మార్చాను. చివరికి ఆ ప్రశ్న వచ్చింది. నేను తెలుగులో ఇట్లా అడిగాను.

"ఈ ప్రాజెక్టే రాకుంటే ఈ చెట్లు ఏమయ్యుండేవి?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెంచయ్య లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

"కొట్టేస్తాము మేడం. కొట్టి అమ్మేస్తాము. అన్నీ."

గొంతు చదువు అప్పజెబుతున్నట్టు ఉంది. నేను ఇంగ్లీషులోకి మార్చాను. మేడం రాయడం మొదలుపెట్టింది. ప్రవీణ్ ఊపిరి వదిలాడు. ఇంకొక్క నిమిషం గడిచుంటే అంతా సజావుగా ముగిసిపోయేది, నేను ఈ యాత్ర గురించి రాయాల్సిన అవసరమూ ఉండేది కాదు.

"ఏరా!"

మద్దిచెట్టు వెనకాల నుంచి పోలమ్మ వచ్చింది. తెల్లారకముందే వచ్చి భర్త దగ్గర కూర్చున్నట్టుంది. ఎవరూ చూడలేదు. చెట్టు పట్టుకొని నిలబడింది. నడుము ఆ అల్యూమినియం బిళ్ళకు ఆనింది.

"ఏమి కొట్టేస్తావురా? మీ నాయన్ను నరుకుతావా? నరికి యాడ అమ్ముతావు? అరవోళ్ళ బట్టీకి కట్టెలకు ఏస్తావా?"

"అమ్మా, నువ్వు ఇంటికి పో."

"బట్టీలో నీ సేతులు కాలినాయి, సూసినా. ఏడిసినా. మీ నాయన్ను గూడా కాలుస్తావా?"

"ఉత్త మాటేమ్మా! ఉత్త మాట!" చెంచయ్య అరిచాడు. "మాట సెప్తే కూడొస్తాది. ఎవురు కొడతారు? ఎవురన్నా కొడతారా?"

ఆ ఆఖరి మాట ఎవరూ అనువాదం చేయక్కర్లేదు. కానీ మేడం నా వైపు తిరిగింది. ప్రవీణ్ ఇంగ్లీషులో, "ముసలామెకు మతి సరిగా లేదు, వదిలేయండి" అన్నాడు. మేడం నన్నే చూస్తోంది. ఆమె అడిగింది. అడిగింది చెప్తానని నేనన్నాను.

చెప్పాను. నాయన్ను నరకడం, కట్టెలు, ఉత్త మాట, ఎవరు కొడతారు. పలచన చేయలేదు.

మేడం లేచి చెట్ల మధ్యకు నడిచింది. ఈసారి బిళ్ళల వంక చూడలేదు, కింద చూసింది. ప్రతి చెట్టు మొదట్లోనూ గుండ్రటి చిన్న రాయి, దాని మీద ఎండిన తేనె మరక, చుట్టూ చీమలు. నిన్న ఆమె వాటి మీదుగానే నడిచింది. బూట్లు విప్పేసింది. ఆలస్యమే, అయినా విప్పింది.

పోలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మణ్ణీ, ఈ సెట్టుకు ఆ పక్క నాకు సోటిస్తారా?"

మార్చి చెప్పాను. మేడం వంగి ఆ పక్క నేలను చూసింది. తర్వాత, అది తన చేతిలో లేదనీ, తాను విన్నది రాయడం వరకే తన పని అనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. పోలమ్మ నా ముఖం చూస్తూ విన్నది. ఇన్ని మాటలైనాయి కాబట్టి మంచి మాటే అయ్యుంటుందనుకుందో ఏమో, తలూపింది.

తిరుగుదారి

ఐరాలలో టీ కొట్టాయన చెయ్యెత్తి, "కొట్టమంటావా నా సెట్టు?" అని అరిచాడు. ఆగలేదు.

పాకాల దాటాక మేడం అడిగింది. ఆమె రాసే రిపోర్టు తర్వాత డబ్బు ఆగిపోతే వాళ్ళేం చేస్తారని. బట్టీకి పోతారని చెప్పాను. చెట్లు కొట్టరా అని అడిగింది. కొట్టరన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"ఊరూరా తిరుగుతాను, మంచి అనువాదకులు దొరకరని తిట్టుకుంటాను" అంది. "ఇవాళ ఒక చెడ్డవాడు దొరికుంటే బాగుండేది."

ఇంగ్లీషులో ఎవరైనా నన్ను పొగిడింది అదే మొదటిసారి. సంతోషించడం మాత్రం చేతకాలేదు.

మళ్ళీ తిరుచానూరు

తర్వాత సంగతి ప్రవీణ్ ఫోన్లో చెప్పాడు. ప్రాజెక్టు రద్దు కాలేదట, "హోల్డ్" లో పెట్టారట. హోల్డ్ అంటే జీతాలు ఆగుతాయి. ఒప్పందం ఆగదు. అది చాలా ఏళ్ళకు రాసుకున్నది. తవ్వకూడదు, కొట్టకూడదు అనేవన్నీ అట్లాగే ఉంటాయి. శ్మశానంగా వాడుకోడానికి వీలు కల్పించాలని మేడం రిపోర్టు చివర ప్రత్యేకంగా రాసిందట. దాన్ని పై కమిటీ పరిశీలిస్తుందట.

"ఎప్పుడు?"

"హోల్డ్ తీసినాంక."

"హోల్డ్ ఎప్పుడు తీస్తారు?"

"కమిటీ పరిశీలించినాంక బ్రో."

మా గుడి ముందు చెప్పుల స్టాండు కూడా ఇంతకంటే తర్కంగా నడుస్తుంది.

అప్పట్నుంచి తోపు చుట్టూ గీతలతో బాటు ఒక బోర్డు కూడా వచ్చింది, ఇంగ్లీషులో. దాన్ని పాతింది చెంచయ్యే. జీతాలు ఆగిపోయే ముందు అతని చివరి కూలి అదే.

మొన్నొక పొద్దున అమ్మవారి గుడి వీధిలో, పూలమ్మే ఆమెకూ ఒక ఉత్తరాది కుటుంబానికీ మధ్య తామరపూల గురించి రాయబారం నడుపుతున్నాను. ఫోన్ మోగింది.

"అబ్బా, చెంచయ్యను. అమ్మ పోయినాది. తెల్లార్తో."

ఎట్లా పోయిందని అడిగాను. ఊపిరి ఆగి పోయిందన్నాడు. అందరూ అట్లాగే కదా పోయేది.

"మేస్త్రీ వచ్చినాడు. అడ్వాన్సు తీసుకున్నా. ఈ వారంలో పోవాల. దానికి ముందు అమ్మ పని అయిపోవాల." వెనకాల చాలామంది ఉన్నట్టు సద్దు. "ఈడ మావోళ్ళు గీత దాటడానికి భయపడతా ఉండారు. కేసైతాదంటారు. బోర్డు పోటో పంపినా. దాంట్లో ఏం రాసుండాదో సదివి సెప్పు. పోను గట్టిగా పెట్టినా, అందరికీ ఇనబడతాది."

ఫొటో తెరిచాను. పచ్చటి రేకు, తెల్లటి అక్షరాలు. రక్షిత కార్బన్ ప్రాంతం. ప్రవేశం నిషేధం. తవ్వడం నిషేధం. అతిక్రమించినవారు శిక్షార్హులు. బోర్డు వెనకాల గడ్డపారలు పట్టుకొని నిలబడ్డ మగవాళ్ళు, వాళ్ళ కాళ్ళ దగ్గర పాడె మీద కొత్త గుడ్డలో చుట్టిన చిన్న ఆకారం. ఎండిన చింతకాయంత.

ఆ బోర్డులో ఏముందో చెంచయ్యకు తెలుసు. పాతేటప్పుడు ప్రవీణ్ అతనికి ప్రతి ముక్కా చెప్పాడట. తెలియనిది అతనికి కాదు, అతని వెనకాల నిలబడ్డ వాళ్ళకు చెప్పడానికి ఒక ఇంగ్లీషు చదివినవాడు కావాలి.

పూలమ్మే ఆమె నా మోచెయ్యి పొడిచింది. "ఏమంటారు సామీ వాళ్ళు, తీసుకుంటారా లేదా?" ఆగమని చెయ్యి చూపించాను. గొంతు సవరించుకున్నాను. భక్తులకు స్థలపురాణం చెప్పే గొంతు ఒకటి ఉంది నాకు, చాలా నమ్మకంగా ఉంటుంది. దాన్ని బయటికి తీశాను.

"చదువుతా ఉండాను, వినండి. ఈ తోపులో తేనెబండవాళ్ళ పెద్దలు ఉన్నారు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఈ ఊరివాళ్ళు తమవాళ్ళను ఇక్కడే పెట్టుకోవచ్చు. అంతే రాసుండాది."

"అంతేనా?" అన్నాడు చెంచయ్య.

"అంతే చెంచయ్యా. కింద సంతకం కూడా ఉండాది."

"ఇన్నారు గదా?" వెనక్కి తిరిగి అరిచాడు. "ఎమ్మే సదివిన అబ్బోడు. ఇన్నారు గదా?"

ఫోన్ పెట్టేయడం మరిచిపోయాడు. నేనూ పెట్టలేదు. అడుగులు, ఎవరో దగ్గడం, ఒక ఆడగొంతు ఏడుపు అందుకోవడం, తర్వాత గట్టినేల మీద గడ్డపార మొదటి పోటు. రెండోది. మూడో దానికి చెంచయ్య మాట వినిపించింది, ఫోన్‌కు దూరంగా, మెల్లగా.

"నిదానంగా అప్పా. సెట్టు యేరు తెగనీయొద్దండి. నాయనుండాడు ఆడ."